మేస్త్రీ తాతతో గోర్ఖా కొండల్లో ఒక శనివారం

పోయిన వారం మా ఊరి చర్చిలో మేస్త్రీ తాత జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పెద్ద కొడుకు మాట్లాడాడు, అల్లుడు మాట్లాడాడు, సంఘ పెద్దలు మాట్లాడారు. తాత ఎన్ని ఇళ్ళు కట్టాడో, తన కింద పనిచేసిన కూలీలకి సాయంత్రానికల్లా డబ్బులు ఎలా చేతిలో పెట్టేవాడో, చర్చి ప్రహరీ గోడకి పైసా తీసుకోకుండా ఎలా పనిచేశాడో అందరూ చెప్పారు. అన్నీ నిజాలే. కానీ నేపాల్ సంగతి ఒక్కరి నోటా రాలేదు. అప్పుడు వెళ్ళినవాళ్ళలో ఒకరు కువైట్‌లో ఉన్నారు, కొందరు బెంగళూరులో స్థిరపడ్డారు, నర్సక్క అత్తగారి ఊళ్ళో ఉంది, అప్పటి పాస్టరు అయ్యగారు బదిలీ అయ్యి, రిటైరయ్యి ఎక్కడో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆ రోజు చర్చిలో ఉన్నవాళ్ళలో నేపాల్ చూసినదాన్ని నేనొక్కదాన్నే. లేచి రెండు ముక్కలు చెప్పాలనిపించింది గానీ, అప్పటికే భోజనాల వేళ దాటిపోతోంది. ఇంటికొచ్చాక అదే మనసులో తిరుగుతూ ఉంది. అందుకే రాస్తున్నాను. ఆ ప్రయాణం అంతా కాదు. అక్కడి మొదటి రోజు గురించి మాత్రమే.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చింది. తీవ్రత 7.8. దాదాపు తొమ్మిది వేల మంది పోయారు. మర్నాడు ఆదివారం చర్చిలో ప్రార్థన చేశాం, ప్రత్యేక కానుక పట్టాం, డబ్బు పంపాం. మామూలుగా అయితే అంతటితో అయిపోయేది. కొన్ని నెలలయ్యాక మా అయ్యగారికి గోరఖ్‌పూర్‌లో ఉండే ఆయన పాత క్లాస్‌మేట్ ఒకాయన ఫోన్ చేశారు. గోర్ఖా జిల్లాలో కొండమీది ఒక పల్లెలో చిన్న సంఘం ఉందట. ఇళ్ళన్నీ రాళ్ళ గుట్టలయ్యాయట. మగపిల్లలు చాలామంది గల్ఫ్‌లోనో మలేషియాలోనో కూలికి ఉన్నారట. రాళ్ళు ఏరి పక్కన పెట్టడానికి కూడా చేతులు చాలడం లేదట.

అయ్యగారు ఆదివారం ఆరాధన చివర్లో ఈ సంగతి చెప్పి, "ఎవరైనా వస్తారా?" అని అడిగారు. అందరం తలలు వంచుకుని కూర్చున్నాం. గోడవారన చాపమీద కూర్చున్న మేస్త్రీ తాత మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచాడు. అప్పటికే ఆయనకి అరవై ఐదు దాటాయి. "ఈ వయసులో నీకెందుకు తాతా" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"దివిసీమ ఉప్పెనప్పుడు నేను మా గురువు మేస్త్రీతో కలిసి ఇళ్ళు కట్టటానికి పోయా. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు అక్కడికి. మన భాష రానోళ్ళు, మన అన్నం తినటం తెలీనోళ్ళు. మన శవాలు మోశారు, మన ఇళ్ళు కట్టారు. ఆ బాకీ నేనింకా తీర్చలా," అన్నాడు తాత.

అది 1977 నవంబర్ 19 నాటి ఉప్పెన. మాకందరికీ అది పెద్దవాళ్ళు చెప్పే కథ. ఆయనకి మాత్రం బాకీ. ఆ మాట తర్వాత యూత్‌లో ఒక్కొక్కళ్ళం లేచాం. నేను డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న రోజులవి. అమ్మ ఒప్పుకోవడానికి వారం పట్టింది. అయ్యగారి భార్య, మేం అమ్మగారు అని పిలిచే ఆవిడ, కూడా వస్తున్నారని తెలిశాక గానీ ఊ అనలేదు.

బయల్దేరే రోజు అయ్యగారు చేసిన ప్రార్థనలో ఒక మాట నాకు బాగా గుర్తు. 1842లో మిషనరీ హయ్యర్ దొరగారు అమెరికా నుంచి ఓడెక్కి గుంటూరు వచ్చారు, ఆ తర్వాత మన గురజాలలో కాపురం ఉన్నారు, అప్పటినుంచి మన దగ్గరికి వచ్చినవాళ్ళే గానీ మన సంఘం నుంచి దేశం దాటి వెళ్ళినవాళ్ళు లేరు, ఇదే మొదటిసారి అన్నారు. చర్చిలో పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

విజయవాడలో రప్తీసాగర్ ఎక్కాం. రైలు ప్రయాణం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పాటలు, పులిహోర, చలి. ఝాన్సీ దాటాక చలి ఎక్కువైంది. మా సామాన్లు అందరివీ బ్యాగులు. తాతది మాత్రం గోనెసంచి. అందులో తాపీ, రెండు సుత్తులు, ఉలి, రసమట్టం, గోడ నిటారుగా ఉందో లేదో చూసే ఇత్తడి గుండు, నూలు దారం చుట్ట. బట్టలు చిన్న చేతిసంచిలో. రాత్రుళ్ళు ఆ గోనెసంచి తలకింద పెట్టుకుని పడుకునేవాడు. "గుచ్చుకోదా తాతా?" అంటే, "అలవాటే" అనేవాడు.

గోరఖ్‌పూర్‌లో దిగితే ఆ ప్లాట్‌ఫారం ఎంత నడిచినా తరగదు. అప్పట్లో ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అదే, కిలోమీటరు పైన మూడువందల అరవై ఆరు మీటర్లు. అయ్యగారి స్నేహితుడు స్టేషన్‌కి వచ్చారు. ఆ రాత్రి వాళ్ళ చర్చి హాల్లో పడుకునేముందు మమ్మల్ని అందర్నీ కూర్చోబెట్టి ఒక మాట గట్టిగా చెప్పారు. నేపాల్‌లో కొత్త రాజ్యాంగం వచ్చింది, మతం మార్పించడం అక్కడ చట్టప్రకారం నేరం, మీవల్ల ఆ ఊరి విశ్వాసులకి ఏ ఇబ్బందీ రాకూడదు, కరపత్రాలుంటే ఇక్కడే పెట్టేయండి అన్నారు. మాలో ఒకతను కరపత్రాల కట్ట తెచ్చాడు. కాస్త చిన్నబుచ్చుకుని బల్లమీద పెట్టాడు. అప్పుడు అయ్యగారు, "మనం రాళ్ళు ఎత్తడానికి వెళ్తున్నాం. రాళ్ళే ఎత్తుదాం," అన్నారు. నాకు ఆయనమీద అంతకుముందు ఉన్న గౌరవం ఆ మాటతో రెట్టింపయ్యింది. ఇల్లు కూలిపోయి ఉన్నవాడికి సాయం చేస్తూ చేతిలో కాగితం పెట్టడం నాకెప్పుడూ సరిగ్గా అనిపించదు.

తెల్లవారుజామునే జీపుల్లో సునౌలీ చేరాం. సరిహద్దంటే ముళ్ళకంచెలు, తుపాకులు ఉంటాయని ఊహించుకున్నాను. అక్కడ రిక్షాలు, లారీలు, కూరగాయల సైకిళ్ళు, బడిపిల్లలు అటూఇటూ తిరుగుతున్నారు. మనకి పాస్‌పోర్టు అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. పెద్ద కమాను కిందనుంచి నడిచి అవతలికి వెళ్తే నేపాల్. పెద్ద నోట్లతో చిక్కు వస్తుందని అందరం వందనోట్లే తెచ్చుకున్నాం. మన వందకి వాళ్ళవి నూట అరవై. నర్సక్క ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకుంది.

గడియారాలు పావుగంట ముందుకి తిప్పుకోమన్నారు. అందరం తిప్పుకున్నాం. తాత తిప్పలేదు. "ఇంటి దగ్గర ముసల్ది అయిదింటికి మోకాళ్ళ మీద ఉంటది. నేనూ ఆ అయిదింటికే," అన్నాడు. ఇంకెవరూ ఏమీ అనలేదు.

కొట్లో గోడమీద క్యాలెండర్ చూస్తే అందులో 2072 అని ఉంది. వాళ్ళది విక్రమ సంవత్సరం, మనకన్నా సుమారు యాభై ఏడేళ్ళు ముందుంటుంది. భూకంపం రోజు కూడా వాళ్ళకి ఏప్రిల్ 25 కాదు, వైశాఖం 12. ఆ కొట్టాయన ఆ తారీఖు చెప్పినప్పుడు గొంతు తగ్గించాడు.

భైరహవా నుంచి బుట్వల్ దాకా మన పొలాలే, మన మైదానమే. బుట్వల్ దగ్గర ఒక్కసారిగా కొండ అడ్డొస్తుంది. అక్కడినుంచి తూర్పుకి తిరిగి నారాయణఘాట్, ఆ తర్వాత త్రిశూలి నది పక్కనే ముగ్లింగ్ రోడ్డు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఒకపక్క కొండని తవ్వుతున్నారు, ఇంకోపక్క లోతున నది. దుమ్ముకి ముందు బండి కనపడదు. నదికి అడ్డంగా ఇనపతాళ్ళ వంతెనలు, వాటిమీద వీపున బుట్టలు మోసుకుని నడిచే ఆడవాళ్ళు. బుట్ట బరువంతా నుదుటికి వేసుకున్న పట్టీ మీదే ఉంటుంది. ముగ్లింగ్‌లో మర్స్యాంగ్దీ వచ్చి త్రిశూలిలో కలుస్తుంది. అక్కడినుంచి ఇంకాస్త వెళ్ళి, ఆబూ ఖైరేనీ దగ్గర కొండదారి పట్టాం.

దారి పొడుగునా తాత కిటికీలోంచి చూసింది నదిని కాదు, కొండల్ని కాదు. ఇళ్ళని. "చూడు అమ్మాయ్, ఆ ఇల్లు నిలబడింది, పక్కది పడింది. రెండూ రాయే. ఎందుకంటావ్?" అని అడుగుతూ వచ్చాడు. నాకేం తెలుసు? "నాకూ తెలీదు. దిగి చూడాల," అనేవాడు. గోర్ఖా బజారు చేరేసరికి చీకటి పడింది. పృథ్వీనారాయణ్ షా పుట్టిన ఊరు అది. పైన కొండమీద ఆ రాజుల కోట ఉంది, అది కూడా భూకంపానికి దెబ్బతిందని చెప్పారు. చీకట్లో ఏమీ కనపడలేదు. పడుకున్నాం.

తెల్లారితే శనివారం. అసలు మొదటి రోజు అదే.

నేపాల్‌లో అప్పట్లో వారానికి సెలవు శనివారం. ఆదివారం ఆఫీసులు, బళ్ళు అన్నీ పనిచేసేవి. అందుకని చర్చి ఆరాధన కూడా శనివారమే. ఆ సంగతి అయ్యగారు ముందే చెప్పారు గానీ, శనివారం పొద్దున్నే చర్చి బట్టలు కట్టుకుని బైబిలు చంకన పెట్టుకోవడం వింతగానే అనిపించింది. జీపు కొంతదూరం వెళ్ళి ఆగిపోయింది. ఇక నడకే. మెట్లు మెట్లుగా చెక్కిన పొలాల గట్ల మీదుగా పైకి. అక్కడక్కడ చెట్లనిండా ఎర్రగా గురాస్ పూలు. ఒక మలుపు దగ్గర ఉత్తరంవైపు మంచుకొండలు మొత్తం కనపడ్డాయి. ఆ పెద్దది మనాస్లు, ఎనిమిది వేల మీటర్ల పైన ఎత్తు అని చెప్పారు. ఆయాసంలో ఉన్నామేమో, ఎవరం ఎక్కువ మాట్లాడలేదు. తాత సామాను ఎవరెంత అడిగినా ఇవ్వలేదు. చివరికి ఆ ఊరినుంచి మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన పన్నెండేళ్ళ పిల్లాడు గోనెసంచిని తన బుట్టలో వేసి, పట్టీ నుదుటికి తగిలించుకుని ముందు నడిచిపోయాడు. తాత వాడి వెనకే, సంచిమీద చూపు పెట్టి నడిచాడు.

ఊరంటే వాలుమీద చెదిరి ఉన్న కొన్ని ఇళ్ళు. ఇళ్ళు కూడా కావు. రాళ్ళ గుట్ట, దాని పక్కన వెదురు బొంగులమీద జింకు రేకులు వంచి వేసిన పాక, మళ్ళీ రాళ్ళ గుట్ట, మళ్ళీ రేకుల పాక. చర్చి కూడా రేకుల పాకే. గుమ్మం దగ్గర సంఘస్థులు వరసగా నిలబడ్డారు. రెండు చేతులూ జోడించి ఒక్కొక్కళ్ళకీ "జైమసీ" అన్నారు. మేం "వందనాలు" అన్నాం. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తే కింద గడ్డి చాపలు, మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. మా ఊళ్ళో కూడా నా చిన్నప్పుడు అంతే. మా చర్చిలోకి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చి ఆ పద్ధతి పోయింది. చాపమీద పక్కపక్కన మోకాళ్ళు తగులుతూ కూర్చోవడం, పాట మధ్యలో పసిపిల్లల్ని ఒకరి ఒళ్ళోంచి ఒకరు అందుకోవడం, ఇవన్నీ మళ్ళీ అక్కడ చూశాను. అమ్మగారు నా చెవిలో, "మీ నాయనమ్మ ఉండుంటే ఇక్కడే ఉండిపోయేది," అన్నారు.

మాదల్ వాయిస్తూ పాడారు. మన డోలక్‌లాగే మెడలో వేసుకుని రెండువైపులా వాయిస్తారు. తర్వాత మమ్మల్ని పాడమంటే తెలుగులో ఒక పాట పాడాం. చరణం రెండోసారి వచ్చేసరికి మాదల్ కుర్రాడు మా తాళం పట్టేశాడు.

ఆ తర్వాత సంఘ పెద్ద లేచి భూకంపం వచ్చిన రోజు సంగతి చెప్పాడు. ఆయన నేపాలీలో చెప్తే గోరఖ్‌పూర్ ఆయన హిందీలో, అయ్యగారు తెలుగులో చెప్పారు. ఆ శనివారం కూడా ఇలాగే కూర్చుని ఉన్నారట. రాతి గోడల చర్చి. పన్నెండుకి ఇంకా నాలుగు నిమిషాలుందనగా కింద ఏదో బండి పోతున్నట్టు చప్పుడు వచ్చింది. ఈ కొండమీద బండేంటి అనుకునేలోపు వెనక గోడ పడింది. ఆయన చేత్తో చూపించాడు. ఇక్కడ ఫలానావాళ్ళు, అక్కడ ఫలానా. ఇప్పుడు మేం కూర్చున్న చోట్లే. శనివారం గనక చర్చి నిండా మనుషులున్నారు. అదే శనివారం గనక కిందనున్న బడి ఖాళీగా ఉంది. బడి కప్పు మొత్తం కూలింది, ఒక్క పిల్లకీ గీత పడలేదు. ఆయన ఈ రెండూ ఒకే గొంతుతో చెప్పాడు. దేవుడు ఇలా ఎందుకు చేశాడని అడగలేదు, మంచికే చేశాడని కూడా అనలేదు. అయ్యగారు తెలుగులోకి చెప్తూ చెప్తూ ఆగిపోయారు. అమ్మగారు ఆ మిగతా వాక్యం పూర్తి చేశారు.

అయ్యగారు ప్రసంగం చెయ్యడానికి సిద్ధపడి వచ్చారు. నోట్స్ కూడా రాసుకున్నారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని 121వ కీర్తన చదివి కూర్చున్నారు.

ఆరాధన కాగానే భోజనం. వాళ్ళు పొద్దున పదీపదకొండు మధ్య ఒకసారి, రాత్రి ఒకసారి అన్నం తింటారు. మాకోసం ఆ రోజు ఆలస్యంగా వండారు. అన్నం, పప్పు, ఆవాకు కూర, గుంద్రుక్ అనే పులిసిన ఆకుల పులుసు. మా ఆతిథ్యం చూసుకున్న ఆమాని (ఆమా అంటే నేపాలీలో అమ్మ) నేను మర్చిపోలేను. ఆ గోడ కింద భర్తని పోగొట్టుకున్నావిడ. వెడల్పాటి మొహం, ముక్కుకి బంగారు పువ్వు, పైట చెంగుతో పొగలో కళ్ళు తుడుచుకుంటూ వడ్డించింది. మాకు పెట్టి వాళ్ళు పక్కన నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోరు. పళ్ళెంలో అన్నం కాస్త తగ్గగానే మళ్ళీ గరిటె వచ్చేది.

తాత ముద్ద నోట్లో పెట్టుకోలేదు. "అమ్మగారూ, మన బియ్యం మూట ముందు లోపల పెట్టించండి," అన్నాడు మెల్లగా. "దివిలో కూడా ఇంతే. మేం ఇళ్ళు కట్టటానికి పోతే, ఉన్న నాలుగు గింజలూ మాకు వండి పెట్టి వాళ్ళు గంజి తాగారు. మాకు మూడోనాటికి గానీ తెలీలా." అమ్మగారు వెంటనే లేచి, భైరహవాలో కొన్న బియ్యం, పప్పు, నూనె మోయించి పాకలో పెట్టించారు. ఆమా వద్దంటూ చేతులు అడ్డం పెట్టింది. అమ్మగారు ఆ చేతులు పట్టుకుని అలాగే కాసేపు నిలబడ్డారు. అప్పుడు తాత తిన్నాడు, మూడుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

నేను అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సీసా తెచ్చి ఆమా పళ్ళెంలో కొంచెం వేశాను. నాలికకి తగలగానే కళ్ళు చికిలించి, గుంద్రుక్ గిన్నె వైపు, నా సీసా వైపు మార్చి మార్చి చూపించి నవ్వింది. ఆ మధ్యాహ్నం ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ రోజుకి పనేమీ లేదు. పరిచయాలు చేసుకుని విశ్రాంతి తీసుకోవాలి, పని మర్నాటినుంచి. మేం ఎండలో కూర్చుని పిల్లలతో పేర్లు అడిగించుకుంటుంటే, తాత కనపడలేదు. వెతుక్కుంటూ వెళ్తే ఆమా ఇంటి రాళ్ళ గుట్టమీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక్కో రాయీ తీసి, తిప్పి చూసి, పక్కన పెడుతున్నాడు. కొంచెం దూరంలో ఆయన వయసే ఉన్న ఒక ముసలాయన నిలబడి చూస్తున్నాడు. తలమీద రంగుల టోపీ, చేతిలో సుత్తి. ఆ ఊరి మేస్త్రీ.

మా తాతకి తెలుగు తప్ప రాదు. ఆయనకి నేపాలీ తప్ప రాదు. హిందీ ఇద్దరికీ రాదు. నేను అయ్యగారిని పిలుచుకురావడానికి కదిలితే తాత వద్దన్నాడు.

పల్నాడులో పాతిళ్ళు చూసినవాళ్ళకి తెలుసు. రాయిమీద రాయి పెట్టి, మధ్యలో మట్టి అడుసు కూరి కట్టిన గోడలు. తాత కుర్రతనంలో నేర్చుకున్నది ఆ పని. సిమెంటు, ఇటుక వచ్చాక ఆ పని అడిగినవాళ్ళు లేరు. ఆయన కొడుకులకి కూడా రాదు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన చేతుల్లోనే ఉండిపోయిన ఆ పనికి ఆ కొండమీద మళ్ళీ అక్కర పడింది. ఆ గోడలూ అచ్చం అవే, రాయీ మట్టీ.

తాత ఇంకా పడకుండా మిగిలిన గోడముక్క దగ్గరికి వెళ్ళి దాని అడ్డకోత చూపించాడు. బయటివైపు ఒక వరస రాళ్ళు, లోపలివైపు ఒక వరస, మధ్యలో చిన్న రాళ్ళూ మట్టీ. రెండు అరచేతులూ ఒకదానికొకటి ఆనించి, ఊపి, విడదీశాడు. గోడ మొత్తం ఒకటిగా పడలేదు, పొట్ట చీలినట్టు రెండు పొరలుగా విడిపోయి పడింది. టోపీ ముసలాయన తల ఊపాడు. తాత గుట్టలోంచి ఒక పొడుగు రాయి వెతికి తీసి, రెండు వరసల మీదా అడ్డంగా పెట్టాడు. ఈ పక్కనుంచి ఆ పక్కకి పట్టే రాయి. ఇది రెండు పొరల్నీ కట్టి ఉంచుతుంది. ముసలాయన మొహం వెలిగింది. కానీ ఊరుకోలేదు. పరిగెత్తినట్టే వెళ్ళి రెండు చెక్కలు తెచ్చాడు. గోడ చుట్టూ, కిటికీ కింద ఒక వరస, గుమ్మం పైన ఒక వరస, చెక్కలు పరిచి మూలల్లో ఒకదాన్నొకటి కరిచిపట్టేలా బిగించాలని సైగలతో చూపించాడు. భూకంపం తర్వాత మేస్త్రీలకి ఇచ్చిన శిక్షణలో నేర్చుకున్నాడట. ఈసారి తాత తల ఊపాడు. "ఇది మాకు తెలీదు. మా దగ్గర భూమి ఇట్టా ఊగదు గదా," అన్నాడు తెలుగులోనే. ఆయనకి అర్థమైనట్టే ఉంది.

ఇక ఇద్దరూ ఆగలేదు. మాటల్లో చెప్పుకోలేనిది చేసి చూపించుకోవాలి గదా. తాత నూలు దారం లాగాడు, ఆయన పిల్లల చేత మట్టి తొక్కించాడు. చీకటి పడేలోపు ఇంటి మూల ఒకటి మోకాలెత్తు లేచింది. తాత రాయి పట్టుకునే తీరు అప్పుడు దగ్గరగా చూశాను. ఎత్తగానే పెట్టడు. బొటనవేలితో అంచు తడుముతాడు, రాయిని అరచేతిలో ఒకసారి బరువు చూస్తాడు, మొహం ఎటో తేల్చుకుంటాడు, అప్పుడు పెడతాడు. పెట్టాక ఇక కదిలించడు. వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయి ఉండేవి. ఆధార్ కార్డు తీసుకునేటప్పుడు వేలిముద్ర పడక ఇబ్బంది పడ్డాడని అమ్మగారు చెప్పారు.

రాత్రి భోజనాలయ్యాక ఒక చర్చ వచ్చింది. మర్నాడు ఆదివారం. ఆ ఊరికి పనిరోజు. మాకు? మా ఊళ్ళో మేస్త్రీ తాత ఆదివారం తాపీ ముట్టుకోడని అందరికీ తెలుసు. ఎంత పెద్ద కాంట్రాక్టరు అడిగినా, స్లాబు వేసే తొందరున్నా, ఆదివారం రాడు. దానివల్ల పోయిన పనులు చాలా ఉన్నాయి. అయ్యగారు, "ఇక్కడ ఆరాధన దినం ఇవాళ అయిపోయింది. రేపు పనికి వెళ్ళడం తప్పు కాదని నేననుకుంటున్నాను. కానీ ఎవరి మనస్సాక్షి వాళ్ళది, బలవంతం లేదు," అన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. తాత మాత్రం, "చూద్దాం అయ్యా. అడిగి చెప్తా," అన్నాడు. ఎవర్ని అడుగుతాడో మాకు తెలుసు.

ఆడవాళ్ళం ఆమా పాకలో పడుకున్నాం. చలికి నిద్ర లేదు. ఎప్పుడో అర్ధరాత్రి దాటాక రేకులు టకటకమని కొట్టుకున్నాయి. గాలి అనుకున్నాను. తర్వాత కింద నేల జరిగింది. లేవడానికి కూడా రాలేదు నాకు, కాళ్ళు చల్లబడిపోయాయి. ఆమా చీకట్లోనే నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. అప్పటికే ఆగిపోయింది. పెద్దది కాదు. ఏడాదిగా ఇలాంటివి వస్తూనే ఉన్నాయట. వాళ్ళ పిల్లలు ఆరుబయట నిలబడే ఆవులించారు. మా నర్సక్క ఏడ్చేసింది. నేను ఆమా చెయ్యి వదల్లేదు. సాయం చెయ్యడానికి వచ్చిన మమ్మల్ని ఆ రాత్రి వాళ్ళే ఊరుకోబెట్టారు.

మగవాళ్ళ పాకలోంచి కూడా అందరూ బయటికి వచ్చారు. అయ్యగారు తలలు లెక్కపెడితే తాత తక్కువయ్యాడు. కంగారుగా పిలుస్తుంటే ఆమా ఇంటి గుట్ట దగ్గర టార్చిలైటు వెలుతురు కనపడింది. తాత శాలువా కప్పుకుని, సాయంత్రం కట్టిన మూల దగ్గర వంగి, ఇత్తడి గుండు దారం వేలాడదీసి చూస్తున్నాడు. మేం అక్కడికి వెళ్ళేలోపే పక్క దారినుంచి ఇంకో టార్చి దిగింది. టోపీ ముసలాయన. ఆయన చేతిలో కూడా దారం, గుండు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పెద్దగా నవ్వారు. మేమంతా అక్కడే నిలబడి ఉన్నా మమ్మల్ని పట్టించుకోలేదు. ఒక రాయి దగ్గర టార్చి ఆపి, వేలు పెట్టి, ఏదో వాదించుకోవడం మొదలుపెట్టారు, ఒకరు తెలుగులో, ఒకరు నేపాలీలో. అయ్యగారు, "పదండి, పడుకోండి," అన్నారు.

పొద్దున నేను లేచేసరికి ఎండ ఇంకా లోయలోకి దిగలేదు. రాళ్ళ చప్పుడు వినపడుతోంది. వెళ్ళి చూస్తే రాత్రి ఉన్న మూల లేదు. మొత్తం విప్పేశారు. ఒక రాయి వేలెడు జరిగిందట. కింద పునాదినుంచి మళ్ళీ పేరుస్తున్నారు, ఈసారి మూలకి ఇంకా పెద్ద రాళ్ళు పెట్టి. తాత లుంగీ పైకి మడిచి కట్టాడు. తాపీ ఆయన చేతిలోనే ఉంది.

"ఇవాళ ఆదివారం తాతా," అన్నాను.

"తెలుసు. అయిదింటికే అడిగా," అన్నాడు తల ఎత్తకుండా. "పో, అందర్నీ లేపు. తట్టలు ఆ చెట్టుకింద ఉన్నాయి. మగపిల్లల్ని గుట్ట పైనుంచి తియ్యమను, కిందనుంచి లాగితే జారి మీద పడతయ్. ఆడపిల్లలంతా పొడుగు రాళ్ళు ఒకవైపు, చిన్నవి ఒకవైపు వేరు చెయ్యండి. నర్సమ్మని చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రమ్మను."